గాలి దిగే చోటు

మీట నొక్కీ నొక్కగానే గాలిపెట్టె గుర్రుమంది, దాని వెనకే హాల్లోంచి అక్క దగ్గు. ముందు పెట్టె, తర్వాత దగ్గు. ఒక్క రోజైనా వరస తప్పదు. అంత వేళకు వచ్చే దగ్గు రోగమెలా అవుతుంది, రోగానికేమన్నా చెవులుంటాయా అనుకున్నాడు అతను, తలుపు గడియ మరోసారి తడిమి చూసుకుని స్టూలు మీద కూర్చుంటూ. పాత సామాన్లు పడేసే గది ఇది ఒకప్పుడు. ఇప్పుడు గోడలకు మందపాటి ప్లాస్టిక్ కాగితం, తలుపు కింద సందులో తడిగుడ్డ, బల్ల మీద తన చేత్తో కోసి బిగించుకున్న చెక్కపెట్టె, పెట్టె వెనక మోటారు, ముందు తెల్లటి మడతల ఫిల్టరు. గదిలో గాలి మోటారులోకి పోయి, ఆ మడతల్లో వడకట్టుకుని, దుమ్మూ బూజూ లేకుండా అతని చేతుల మీదికి, ముఖం మీదికి వస్తుంది. ఉన్న గాలంతా పలుమార్లు అలా వెళ్ళి వచ్చేదాకా పుట్టగొడుగు విత్తనం పెంచే పళ్ళెం మూత తియ్యకూడదు, లేచి తిరగకూడదు, గట్టిగా తుమ్మనైనా తుమ్మకూడదు. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ, ఒళ్ళంతా స్పిరిట్ వాసన. కదలకుండా కూర్చోవడం అతనికి అలవాటు లేని పని, కాళ్ళు ఊరుకుంటే బుర్ర ఊరుకోదు. పక్కనే పెంపకం గది, అందులో గడ్డి నింపిన సంచుల నిండా చిప్ప పుట్టగొడుగులు గుత్తులు గుత్తులుగా విచ్చుకుని ఉన్నాయి. ఆ గదిలో గాలి ఇటు రాకుండా దాని తలుపు పైన వేరే ఫ్యాను పెట్టి, ఆ గాలిని బయటికి తోసేసేలా, రెండింటికీ ఒకటే మీట బిగించాడు. ఇది నడిస్తే అదీ నడుస్తుంది. ఆ ఉపాయం తోచిన రోజు ఎంత మురిసిపోయాడో. అదిగో, మళ్ళీ దగ్గింది. ఈసారి పొడవుగా, చివర్లో చిన్న మూలుగు కూడా తగిలించి.

దగ్గుల సంగతి అతనికి చెప్పాలా. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తూ తల నెరిసిన మనిషి, మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, కండక్టర్లంతా చాటుగా డేగ అని పిలిచేవాళ్ళు, ఆ పేరు చెవిన పడ్డప్పుడు కోపం నటించేవాడు గానీ లోపల ఎంత గర్వమో. టికెట్ లేనివాడు బస్సెక్కిన అధికారిని చూడగానే ఏం చేస్తాడు? నిద్ర నటిస్తాడు, లేదా కిటికీలోంచి బయటికి చూస్తూ ఎప్పుడూ చూడని చెట్టును చూసినట్టు చూస్తాడు, లేదా దగ్గుతాడు. దగ్గే మనిషిని టికెట్ అడగడానికి మొహమాటం కదా ఎవరికైనా. డేగకు ఆ మొహమాటం లేదు. దొంగదగ్గు దగ్గేవాడు దగ్గు మధ్యలో ఒక్కసారి కన్నెత్తి, ఎదుటివాడు చూస్తున్నాడా లేదా అని చూసుకుంటాడు, అదొక్కటి చాలు పట్టుకోవడానికి, నిజంగా దగ్గేవాడికి లోకం అక్కర్లేదు, వాడి గొడవ వాడిది. ఎక్కడ ఎక్కావు, ఎక్కడ దిగుతావు? ఈ రెండే ప్రశ్నలు. రెంటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాడు మంచివాడు, చెప్పనివాడు దొంగ, మధ్యలో మూడో రకం లేదు. ఉద్యోగం అయిపోయింది గానీ ఆ ప్రశ్నలు అయిపోలేదు. పాలవాణ్ణీ అడుగుతాడు, మీటర్ చూడ్డానికొచ్చినవాణ్ణీ అడుగుతాడు, చివరికి గోడ మీద పాకే పురుగును కూడా ఎక్కణ్ణుంచి వచ్చావే నువ్వు అని అడిగి గానీ తుడవడు. అక్క నవ్వుతుంది, ఒరే నీకు అనుమానం జబ్బురా, దానికి మందు లేదు, అలవాటు పడ్డమే మాకు దారి, అంటుంది. అంటుందా? అనేది. ఈ మధ్య అనడం లేదు. ఎందుకు అనడం లేదు?

పళ్ళేల్లో పచ్చబూజు మొదలైన రోజు నుంచి. తెల్లగా, దూదిలా అల్లుకోవాల్సిన పుట్టగొడుగు వేరుపోగు మధ్యలో చిటికెడు పచ్చపొడి, మర్నాటికి అరచేయంత, ఆపైన పళ్ళెం మొత్తం. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ పోయాయి, ఇక మిగిలింది బల్ల మీద ఉన్న ఈ ఒక్క తల్లి పళ్ళెం. దీన్నుంచి ముక్కలు కోసి కొత్త పళ్ళేల్లో పెట్టడమే ఇవాళ్టి పని, ఇది కూడా పోతే మొదటికొచ్చినట్టే. బూజు గాలిలో వస్తుంది. గాలి ఎక్కడ ఎక్కింది? మొదట ఫిల్టరు అమ్మిన దుకాణంవాణ్ణి అనుమానించాడు, పాతది తుడిచి కొత్త అట్టపెట్టెలో పెట్టి అంటగట్టాడేమోనని లైటు వెలుగులో మడత మడతా చూశాడు. బాగానే ఉంది. తర్వాత పక్కింటావిడ, రోజూ సరిగ్గా ఇతని కిటికీకి ఎదురుగా దుప్పట్లు దులుపుతుంది, అంత పంతంగా దులపాల్సినంత దుమ్ము ఏ ఇంట్లో ఉంటుంది? కిటికీ మూసేసి సందులన్నీ టేపుతో అతికించాడు. అయినా బూజు వచ్చింది. అప్పుడు మిగిలింది ఇంట్లో వాళ్ళు. ఇంట్లో ఉండేది ఇద్దరు, అందులో ఒకడు తను. ఎంత డేగ అయినా లెక్క అంతకంటే తెగలేదు. ఒకసారి తను బయటికి వెళ్ళి వచ్చేసరికి తడిగుడ్డ పక్కకు జరిగి ఉంది. అడిగితే, నేల తుడిచాను, జరిగిందేమో, అంది. జరిగిందేమో! ఏమో అన్నవాడి దగ్గర టికెట్ ఉండగా అతను ఇంతవరకు చూడలేదు. ఆ వారమే తలుపుకు చిన్న చిల్లు తొలిచి అద్దం ముక్క బిగించాడు, అక్కతో మాత్రం లోపల వెలుతురు చాలడం లేదు అని చెప్పాడు. ఆమె అద్దం వంక చూసింది, అతని వంక చూసింది, బాగుందిరా అని వెళ్ళిపోయింది. ఆ బాగుందిలో ఏదో ఉంది, అది ఏమిటో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అక్కకు నటన కొత్త కాదు కదా, అక్కడొచ్చింది చిక్కు. నాన్న ఇతన్ని దూరంగా హాస్టల్లో పడేస్తానన్నప్పుడు అక్క చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంది, తమ్ముడు పక్కన లేకపోతే మందు మింగనని మొండికేసింది, నాన్న హాస్టలు మాటే ఎత్తలేదు మళ్ళీ. అంత చిన్నపిల్లకు అంత కళ. పెద్దయ్యాక టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఉద్యోగం, పొద్దస్తమానం గొంతు మారుస్తూ మాట్లాడడమే పని, లైను కలవని కోపిష్టివాళ్ళను పెద్దాఫీసరు గొంతుతో సముదాయించి పెట్టేసేదట. తను ఎవడితోనో కలిసి చేపల చెరువు మొదలుపెట్టబోతే సరిగ్గా బయల్దేరే రోజు అక్క గుండె పట్టుకుని కూలబడింది. ఆసుపత్రి, యంత్రాలు, వైర్లు, డాక్టరు అంతా చూసి మీ గుండె గుర్రం గుండె అమ్మా అన్నాడు. ఆ చెరువువాడు పరారయ్యాడని తెలిసిన రోజున అక్క పకపకా నవ్వి, నటించకపోతే నువ్వు వింటావట్రా, అంది. తన నోటితో తనే ఒప్పుకుంది! అలాంటి మనిషి ఇప్పుడు దగ్గుతోందంటే ఏమనుకోవాలి. పుట్టగొడుగులు ఆమెకు ఇష్టం లేదు, అదీ సంగతి. పైకి చెప్పదు, చెప్పే మనిషైతే గొడవే లేదు, దగ్గుతుంది.

రుజువులు లేవా అంటే కావలసినన్ని. ఫోను సరిగా పలకదని మిద్దె మీదికెళ్ళి చెల్లితో గంటలు గంటలు మాట్లాడుతుంది, తను మెట్ల మొదట్లో నిలబడి విన్నాడు, ఒక్కసారి దగ్గితే ఒట్టు. చెల్లి ఇంటికెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చింది, ఎలా ఉంది దగ్గు అని లోకాభిరామాయణంలా అడిగితే చెల్లి తెల్లబోయి, దగ్గేంటన్నయ్యా, అక్క ఇక్కడ చిలకలా ఉందిగా, అంది. ఇంటికొచ్చి సంచీ దించిందో లేదో మొదలు. పైగా తనకు రాదే! అవే పుట్టగొడుగులు, అదే ఇల్లు, తను రోజంతా వాటి మధ్యే తిరుగుతాడు, గొంతులో గరగర కూడా లేదు, మరి ఆమెకెందుకు వచ్చినట్టు? దీనికి జవాబు లేదు ఎవరి దగ్గరా. అందుకే నిన్న పడుకోబోయే ముందు నిశ్చయించుకున్నాడు, ఇవాళ పని కాగానే ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని మెత్తగానే చెప్పాలి, నీకిక్కడ పడకపోతే చెల్లి దగ్గరికి వెళ్ళిపో అక్కా, నాకేం బాధ లేదు, అని. నాకేం బాధ లేదు అన్న ముక్క ఉండాలా వద్దా అని ఎంతసేపో ఆలోచించాడు. ఉండాలి, లేకపోతే బతిమాలుతున్నట్టుంటుంది. అమ్మ పోయిన ఇంట్లో తనకు జడ వెయ్యడం తప్ప అన్నీ చేసి పెంచిన మనిషికి ఆ మాట చెప్పడానికి కావలసినంత కోపం ఉందా అని లోపల వెతుక్కున్నాడు, ఉంది, ఉన్నట్టే ఉంది, రోజూ కొంచెం కొంచెం దాచిపెట్టుకున్నాడు కదా.

చాలు, గాలి శుభ్రపడి ఉంటుంది. స్పిరిట్ దీపం వెలిగించాడు, మంట నిటారుగా నిలబడకుండా అతని వైపు వంగింది, అంటే గాలి సరిగ్గానే వస్తోంది. సన్నకత్తి మొనను మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, తల్లి పళ్ళెం అంచు చుట్టూ టేపు ఊడదీశాడు. లోపల తెల్లదనం ఎంత ముద్దుగా ఉందో, పసిపిల్ల మాడు మీద నూగులా, ఎక్కడా పచ్చ లేదు. ఊపిరి బిగబట్టి మూత కొంచెం ఎత్తాడు. అప్పుడు దగ్గు ఆగిపోయింది. ఆగిందంటే మామూలుగా తగ్గుతూ తగ్గుతూ ఆగడం కాదు, మాట్లాడే మనిషి నోరు మూసినట్టు ఆగింది. కత్తి గాలిలోనే ఉండిపోయింది. ఎందుకాగింది? లేచి వస్తోందా? తను మూత ఎత్తిన సంగతి ఆమెకెలా తెలుసు, గాలిపెట్టె చప్పుడు మారదు కదా, లేక ఇంతసేపు దగ్గి ఫలితం లేదని విసిగి వేరే ఎత్తు వేస్తోందా, గడియ పడిందా, పడింది, రెండుసార్లు చూశాడు. ఇప్పుడు కాదు, ఇప్పుడు లేవకూడదు, పళ్ళెం తెరిచి ఉంది. కానీ ఇంతకంటే మంచి అదను దొరకదు. ఎవరూ చూడ్డం లేదనుకున్నప్పుడు మనిషి ఏం చేస్తాడో చూస్తేనే అసలు రంగు బయటపడేది. ఎన్ని బస్సులు వెనక తలుపులోంచి ఎక్కలేదు తను. కత్తిని దించి, పళ్ళెం మీద మూత జారవేసి, బల్ల కదలకుండా లేచి, పిల్లిలా నడిచి అద్దానికి కన్ను ఆనించాడు.

హాల్లో పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. అక్క మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఉంది, తువ్వాలు ఉండచుట్టి రెండు చేతులతో నోటికి అదిమి పెట్టుకుంది, భుజాలు ఎగిరి ఎగిరి పడుతున్నాయి. దగ్గు ఆగలేదు. ఆమె దాన్ని తువ్వాల్లోకి తోసేస్తోంది. కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ నరాలు తేలి, ముఖమంతా కందిపోయి, చప్పుడు బయటికి రాకుండా, చప్పుడు ఈ గదిలోకి రాకుండా. ఒక్కసారి కన్నెత్తుతుందని అతను ఎదురుచూశాడు. అద్దం వంక ఒక్క చూపు, ఒకే ఒక్కటి, ఆ చూపు కోసం ముప్పై ఏళ్ళ అనుభవమంతా కంట్లోకి తెచ్చుకుని నిలబడ్డాడు. ఆమె ఎత్తలేదు. దొంగదగ్గు వినపడడానికి దగ్గుతారు కదా, వినపడకుండా దగ్గేవాళ్ళను ఏమంటారు, అని బుర్ర అడిగింది, జవాబు కోసం ఆగకుండా కన్ను ఇంకో దాన్ని చూసింది. ఎండలో పొగ. పొయ్యి లేదు, ఏమీ కాలడం లేదు, అయినా ఆమె తల చుట్టూ సన్నగా తెల్లగా ఏదో దొర్లుతోంది, సుడి తిరుగుతోంది, పైనుంచి దిగుతోంది. ఎక్కణ్ణుంచి? చూపు ఎండ వెంట పైకి పాకింది. పెంపకం గది తలుపు పైన, తను బిగించిన ఫ్యాను. దాని రెక్కల్లోంచి పొగ ఆగకుండా, నింపాదిగా, పిండి జల్లించినట్టు కిందికి రాలుతోంది, దాని కింద మంచం, మంచం మీద అక్క.

పుట్టగొడుగు విచ్చుకుంటే పొడిలాంటి విత్తనాల రజను రాలుస్తుంది, తెలియదా తనకు, నల్ల కాగితం మీద బోర్లించి పెడితే తెల్లారేసరికి తెల్లటి అచ్చు పడుతుందని, ఆ అచ్చును అక్కకే చూపించి మురిసిపోయాడు కదా. ఎక్కడ ఎక్కావు అని గాలిని ఎన్నిసార్లు అడిగాడో, ఎక్కడ దిగుతావు అని ఒక్కసారీ అడగలేదు. బయటికి తోసేశానని అనుకున్నాడు. ఏ బయటికి? బయటి గోడకు చిల్లు పెట్టొద్దని ఇంటి ఓనరు అంటే, హాల్లోకి తిప్పింది తనే. చల్లగా వస్తోందిరా అని అక్క అంటే మంచం ఆ ఫ్యాను కిందికి జరిపింది తనే. అసలు ఆ పెంపకం గది ఒకప్పుడు అక్కది. ఈ వయసులో నాకు వేరే గదెందుకురా అంటూ తన బట్టలు తనే మడతపెట్టుకుని హాల్లోకి వచ్చింది, రెండోసారి అడిగించుకోలేదు. మీట నొక్కగానే దగ్గు రాక ఏమవుతుంది, రెండు ఫ్యాన్లకు ఒకటే మీట కదా. మిద్దె మీద రాదు, అక్కడ ఆకాశం ఉంది. చెల్లి ఇంట్లో రాదు. తనకు రాదు, ఎందుకొస్తుంది, తన నోటి మురికి వాటి మీద పడకూడదని కట్టుకున్న గుడ్డ తనకు అడ్డం, వాటి కోసం వడకట్టిన గాలి మొదట తగిలేది తన ముఖానికే. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే ఉత్త మూతితో గుత్తులు కోసి బుట్టల్లో పెడుతుంది. ఇంట్లో మంచి గాలి పుట్టగొడుగుకు, వాటిని కాచే తనకు. మిగిలింది అక్కకు. ఏ రుజువు తీసి చూసినా వెనక వైపు ఇదే రాసి ఉంది, తను ముందు వైపు మాత్రమే చదివాడు. సిగ్గు వచ్చిందని అనడం చిన్నమాట, అతనికి భయం వేసింది. ఎన్నాళ్ళ నుంచి? ఊపిరితిత్తుల్లో ఎంత చేరి ఉంటుంది?

గడియ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి తువ్వాలు వెనక్కి దాచింది. అతను మంచం అంచు మీదికెక్కి పై ఫ్యాను వైరు పట్టి ఒక్క గుంజు గుంజాడు, రెక్కలు నాలుగు తిరుగుళ్ళు తిరిగి ఆగాయి. మిద్దె మీదికి తీసుకెళ్దామనుకున్నాడు గానీ ఆమెకు నిలబడే ఓపికే లేదు, ఊపిరి గొంతులో ఈలలా కూస్తోంది. భుజాల కింద చెయ్యి వేసి లేపాడు.

"లోపలికి రా అక్కా."

"నేనెందుకురా... నీ పళ్ళేలు పాడైపోతాయి."

"పోనీ, నువ్వు రా."

ఆమె గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విడిచింది, తడిగుడ్డను తొక్కకుండా దాటబోయింది. అతను దాన్ని కాలితో పక్కకు నెట్టాడు. ఫిల్టరు ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, దీపం ఊదేసి, ముఖం ఇటు పెట్టు, ఇంకా దగ్గరికి, అన్నాడు. ఆమె పైటకు అంటుకున్న తెల్ల రజను గాలికి లేచి గదంతా ఎగిరింది, మూత సరిగా పడని తల్లి పళ్ళెం మీద, కొత్త పళ్ళేల మీద, గోడల మీద. అతను చూశాడు, ఊరుకున్నాడు. ఆమె దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఆ తర్వాత దగ్గుకూ దగ్గుకూ మధ్య ఒక ఊపిరి పట్టింది, ఆపైన రెండు. నెరిసిన ముంగురులు వెనక్కి ఎగురుతుంటే కళ్ళు మూసుకుని ఆ గాలిని తాగుతున్నట్టు కూర్చుంది. చాలాసేపటికి, ఇంత హాయిగా ఉందేంట్రా ఇక్కడ, అంది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పాగా, మొదట్లోనే. ఛాతీలో పట్టేసినట్టుందిరా అన్నా." ఆమె కళ్ళు తెరవలేదు. "నువ్వు నా మొహంలోకి అదోలా చూశావు, బస్సులో వాళ్ళను చూసినట్టు. ఈమధ్య ఫోన్లో చెబితే చెల్లి డాక్టరుకు చూపించుకోమంది. వెళ్ళొస్తే నువ్వు చీటీలు తిరగేసి టికెట్ చూస్తావేమో అనిపించింది. బుద్ధి పుట్టలేదింక."

నవ్వుతూ అనబోయింది, నవ్వు దగ్గులోకి తిరిగింది. ఇంతకుముందు వాటికంటే లోతుగా, కింద ఎక్కడి నుంచో లాక్కుని వచ్చింది. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి, కాదు, రేపెందుకు, ఈ దగ్గు తెరిపి ఇవ్వగానే. అతను మూతిగుడ్డ లాగేసి ఆమె వెనక నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతి తొడుగు ఊడదీసి, వీపు మీద చెయ్యి వేసి, చిన్నప్పుడు ఆమె తనకు రాసినట్టే కింది నుంచి పైకి రాయడం మొదలుపెట్టాడు. అక్క వీపు ఇంత సన్నబడిందని అతనికి తెలియదు. ముఖం అటు ఉంది, అతను చూడబోలేదు. ప్రతి దగ్గూ ముందు ఆమె ఎముకల్లో కదిలి, తర్వాత అతని అరచేతికి తగిలింది.